మూడు లక్షల తుపాకుల లెక్క ఎవరు చెబుతారు? తెలుగు ఎంపీలకు ఒక మాజీ ఆర్మరర్ బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల లోక్‌సభ, రాజ్యసభ సభ్యులందరికీ,
వారి ద్వారా భారత విదేశాంగ శాఖకు

విషయం: అఫ్గానిస్థాన్‌లో తాలిబన్ల చేతికి చిక్కిన అమెరికా ఆయుధాలు మరో దేశానికో, మరో ముఠాకో అమ్ముడుపోకుండా ఐక్యరాజ్యసమితి ఆంక్షలను సరిదిద్దడానికి మన దేశం చొరవ తీసుకోవాలని కోరుతూ.

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను సైన్యంలో 24 ఏళ్లు ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలను బాగుచేసి లెక్క చూసే పనిలో ఉండి రిటైరయ్యాను. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో, మిలిటరీ మాధవరానికి దగ్గర్లో ఒక చిన్న ఊరు. మా వైపు ఇంటికొక ఫౌజీ ఉంటాడంటే ఎవరికీ వింతగా అనిపించదు. మా అబ్బాయి కూడా ఇప్పుడు సర్వీసులోనే ఉన్నాడు. ఎక్కడ ఉన్నాడో ఇక్కడ రాయను.

ఈ విషయం మీద రెండేళ్లుగా ఉత్తరాలు రాస్తున్నాను. ఒక కార్యాలయం నుంచి "మీ లేఖ అందింది, సంబంధిత విభాగానికి పంపడమైనది" అని ఒక కాగితం వచ్చింది. ఇంకోచోట ఒక పెద్దమనిషి ఓపిగ్గా విని, "ఇది విదేశీ వ్యవహారమండీ, మన చేతుల్లో ఏముంది?" అన్నారు. మీ చేతుల్లో ఏముందో చెప్పడానికే అందరూ చదివేలా ఈ లేఖ రాస్తున్నాను. ఇది ఏ పార్టీకీ వ్యతిరేకం కాదు.

ముందు నా పని గురించి నాలుగు మాటలు చెప్పాలి. అది చెప్పకపోతే నా బాధ మీకు అర్థం కాదు.

తుపాకులు దాచే గదిని మేం కోత్ అంటాం. పొద్దున కోత్ తలుపు తీయగానే మొదటి పని లెక్క చూడడం. ప్రతి రైఫిల్‌కీ రెండు నంబర్లు ఉంటాయి. ఒకటి ఫ్యాక్టరీలో ఇనుము మీద కొట్టింది. రెండోది యూనిట్‌లో మేం బట్ మీద పెయింట్‌తో వేసింది. జవాను తుపాకీ తీసుకునేటప్పుడు ఒక సంతకం, తిరిగి ఇచ్చేటప్పుడు ఒక సంతకం. రాత్రి తాళం వేసే ముందు మళ్లీ లెక్క. ఒకసారి ఫైరింగ్ రేంజ్‌లో ఒక్క ఖోకా తగ్గింది. ఖోకా అంటే తూటా పేలాక బయట పడే ఖాళీ ఇత్తడి గొట్టం. తూకానికి వేస్తే రూపాయి కూడా రాదు. మిట్టమధ్యాహ్నం, కాలే ఇసుక. కంపెనీ మొత్తం వరసగా మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో ఇసుక జల్లించాం. సాయంత్రం నాలుగింటికి ఒక కుర్రాడి ప్యాంటు మడతలో దొరికింది. అప్పటిదాకా ఎవరం అన్నం ముట్టలేదు, కంపెనీ కమాండర్‌తో సహా.

ఒక్క ఖాళీ ఖోకా కోసం అంత వెతికినవాణ్ణి. అందుకే ఈ కింది అంకెలు చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల వశమైంది. ఆగస్టు 30 రాత్రి అమెరికా చివరి విమానం వెళ్లిపోయింది. 2005 నుంచి అఫ్గాన్ సైన్యానికి, పోలీసులకు అమెరికా ఇచ్చిన సామగ్రి విలువ 1,860 కోట్ల డాలర్లు. అందులో 712 కోట్ల డాలర్ల సామగ్రి ఆ దేశంలోనే ఉండిపోయిందని అమెరికా రక్షణ శాఖే వాళ్ల కాంగ్రెస్‌కు నివేదిక ఇచ్చింది. మూడు లక్షలకు పైగా తుపాకులు, మెషిన్‌గన్‌ల వంటి ఆయుధాలు, 40 వేలకు పైగా వాహనాలు, చీకట్లోనూ చూడగలిగే నైట్ విజన్ పరికరాలు అందులో ఉన్నాయి. కాబూల్ విమానాశ్రయంలో వదిలిన 78 విమానాలు, హెలికాప్టర్లను పనికిరాకుండా చేసి వెళ్లారు. తుపాకులను మాత్రం ఎవరూ విరగ్గొట్టలేదు. అవి అప్పటికే దేశమంతా ఠాణాల్లో, ఔట్‌పోస్టుల్లో ఉన్నాయి.

ఆ తుపాకుల లెక్క 2021కి ముందే తప్పింది. అఫ్గాన్ పునర్నిర్మాణ ఖర్చుల మీద నిఘాకు అమెరికా పెట్టిన ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2014లో ఒక తనిఖీ చేసింది. అఫ్గాన్‌కు పంపిన చిన్న ఆయుధాల రికార్డులో 4,74,823 నంబర్లు ఉంటే, అందులో 2,03,888 నంబర్లకు వివరాలు లేకపోవడమో, ఒకే నంబరు రెండుసార్లు ఎక్కడమో జరిగిందని తేల్చింది. అంటే నూటికి 43. మా కోత్‌లో వందకు ఒక్కటి తేడా వచ్చినా కోర్టు ఆఫ్ ఎంక్వైరీ, అంటే సైనిక విచారణ, కూర్చునేది.

2025 ఏప్రిల్‌లో బీబీసీ ఒక కథనం వేసింది. తాము పట్టుకున్న సామగ్రిలో కనీసం సగానికి లెక్క దొరకడం లేదని తాలిబన్లు దోహాలో ఐక్యరాజ్యసమితి ఆంక్షల కమిటీ ముందు ఒప్పుకున్నారని అందులో రాశారు. ఆయుధాలన్నీ తమ దగ్గర భద్రంగానే ఉన్నాయని తాలిబన్ ప్రతినిధి దాన్ని ఖండించారు. భద్రంగా ఉంటే బయటివాళ్లను పిలిచి లెక్క పెట్టించవచ్చు కదా.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. యుద్ధంలో పట్టుబడిన ఆయుధాలను ఒక దేశం మరో దేశానికి అమ్మకుండా ఆంక్షలు ఆపగలవా?

యుద్ధంలో శత్రువు దగ్గర పట్టుకున్న ఆయుధం పట్టుకున్న దేశానిదే అన్నది పాత నియమం. అంతర్జాతీయ యుద్ధ నియమాలు కూడా దాన్ని కాదనవు. 1965 యుద్ధంలో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర పట్టుకున్న పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులను మనం తెచ్చి కంటోన్మెంట్లలో, ఊళ్ల కూడళ్లలో నిలబెట్టుకున్నాం. మనల్ని ఎవరూ అడగలేదు. తాలిబన్లు కూడా ఈ సామగ్రిని గనీమత్, అంటే యుద్ధంలో దక్కిన సొత్తు అంటారు. 2024 ఆగస్టు 14న బాగ్రామ్‌లో వాటితో పరేడ్ చేశారు. తిరిగిచ్చేయమని అమెరికా అధ్యక్షుడు ట్రంప్ అడిగితే కుదరదన్నారు. అమెరికా తన ఆయుధాలు ఎవరికిచ్చినా, మా అనుమతి లేకుండా వేరేవాళ్లకు ఇవ్వకూడదని రాయించుకుంటుంది. ఆ కాగితం మీద సంతకం పెట్టింది పాత అఫ్గాన్ ప్రభుత్వం. తాలిబన్లు దేనిమీదా సంతకం పెట్టలేదు.

అంటే ఇక మిగిలింది ఐక్యరాజ్యసమితి ఆంక్షలే. వాటిని నేను కూర్చుని చదివాను. లాయర్‌ని కాను, కానీ స్టోర్ రిజిస్టర్‌లో "వచ్చినవి", "పోయినవి" అని రెండు గడులుంటాయని తెలిసినవాణ్ణి. 2011 జూన్ 17న భద్రతా మండలి చేసిన 1988 నంబరు తీర్మానంలో ఒక్క గడే ఉంది. జాబితాలో ఉన్న తాలిబన్ వ్యక్తులకు, సంస్థలకు ఎవరూ ఆయుధాలు ఇవ్వకూడదు, అమ్మకూడదు, చేరవేయకూడదు అని ఉంది. వాళ్ల దగ్గర ఎవరూ కొనకూడదు అన్న మాట అందులో సూటిగా లేదు. వాళ్లకు డబ్బు అందకూడదన్న షరతు ఉంది కాబట్టి కొనడం కూడా తప్పే అని వాదించవచ్చు. కానీ ఆ జాబితాలో ఉన్నది నూట ముప్పైకి పైగా వ్యక్తులు, 5 సంస్థలు. జాబితాలో లేని ఒక దళారీకి డబ్బిచ్చి కొన్నవాణ్ణి ఆ షరతు కింద పట్టుకోవడం ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కర్లేదు.

రెండో గడి ఎలా రాయాలో మండలికి తెలియక కాదు. అదే 2011లో, నాలుగు నెలల ముందు, ఫిబ్రవరి 26న లిబియా మీద 1970 నంబరు తీర్మానం చేశారు. లిబియాకు ఆయుధాలు అమ్మకూడదు, లిబియా ఎవరికీ అమ్మకూడదు, ఏ దేశమూ లిబియా నుంచి కొనకూడదు అని మూడూ స్పష్టంగా రాశారు. ఉత్తర కొరియా విషయంలోనూ అంతే. 2009లో ఆ దేశం నుంచి ఆయుధాల ఎగుమతి మొత్తాన్నీ నిషేధించారు. 2011లో ఆ రెండు తీర్మానాలూ జరిగినప్పుడు మండలిలో మన దేశం ఉంది. 2021, 2022ల్లో మనం మళ్లీ సభ్యులమైనప్పుడు తాలిబన్ ఆంక్షల కమిటీకి, లిబియా ఆంక్షల కమిటీకి రెండింటికీ అధ్యక్షత వహించింది మనమే. ఒకదాంట్లో ఉన్న వాక్యం రెండోదాంట్లో లేదన్న సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? కాబూల్ పడిపోయిన ఆ ఆగస్టు నెలలో మండలి అధ్యక్ష స్థానంలోనూ మనమే ఉన్నాం. ఆ నెల 30న 2593 నంబరు తీర్మానం వచ్చింది. అఫ్గాన్ నేలను ఏ దేశం మీదా దాడికి వాడకూడదని అందులో ఉంది. అక్కడ మిగిలిపోయిన తుపాకుల ఊసు లేదు.

నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాలి. వాక్యం రాసినంత మాత్రాన తుపాకులు ఆగవు. లిబియా మీద అంత చక్కగా రాశారు. అయినా అక్కడి పాలకుడు గడాఫీ ఆయుధశాలల్లోంచి పోయిన తుపాకులు మాలి దాకా, గాజా దాకా, సిరియా దాకా చేరాయి. 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయినప్పుడు అమెరికా లక్షల కొద్దీ ఎం-16 రైఫిళ్లు వియత్నాంలో వదిలింది. వెంటనే ఆ దేశం మొత్తం మీద వాణిజ్య నిషేధం పెట్టి 1994 దాకా ఎత్తలేదు. అయినా 1980ల్లో అవే రైఫిళ్లు ప్రపంచానికి అవతలి వైపు ఎల్ సాల్వడార్ గెరిల్లాల చేతుల్లో దొరికాయి. 1986లో చిలీ తీరంలో బయటపడ్డ పెద్ద ఆయుధాల డంపులోనూ దొరికాయి. అవి వియత్నాంకు పంపినవే అని ఎలా తెలిసింది? తుపాకీ మీద కొట్టిన నంబరు చూసి.

నా అనుభవంతో నేను అర్థం చేసుకున్నది ఇది. పెద్ద సామాను మీద ఆంక్షలు పనిచేస్తాయి. హెలికాప్టర్‌కు స్పేర్ పార్టులు కావాలి, నడిపేవాడికి ట్రైనింగ్ కావాలి, దాచుకోవడానికి జాగా కావాలి. 2022 సెప్టెంబరులో తాలిబన్లు కాబూల్‌లో శిక్షణలో నడిపిన అమెరికా బ్లాక్ హాక్ హెలికాప్టర్ కూలి ముగ్గురు చనిపోయారు. అలాంటిదాన్ని ఇంకో దేశం కొంటే ఉపగ్రహానికి కనబడుతుంది. 2021లోనే అమెరికా హమ్వీ వాహనాలు ఇరాన్ రోడ్ల మీద లారీల్లో పోతుంటే జనం ఫోటోలు తీశారు. రైఫిల్ అలా కాదు. గొట్టం తుడిచే పుల్‌త్రూ తాడు ఒకటి, గుప్పెడు చిండీ గుడ్డ, కాస్త నూనె ఉంటే 40 ఏళ్లు పనిచేస్తుంది. దుప్పటిలో చుట్టి గాడిద మీద వేస్తే కొండ దాటుతుంది. దాన్ని ఆపాలంటే ఆంక్షతో పాటు ప్రతి తుపాకీ నంబరూ రాసిన రిజిస్టర్ కావాలి. ఆ రిజిస్టర్ అందరికీ కనబడాలి. నేను రెండేళ్లుగా రాస్తున్నది ఇదే.

ఇది ఢిల్లీలో, న్యూయార్క్‌లో మాట్లాడుకునే విషయం, మాకెందుకు అని ఎవరైనా అనుకుంటే, మామూలు జనం మీద ఏం పడుతోందో వరసగా చెబుతాను.

1. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని చంపారు. వాళ్లలో ఇద్దరు మన ఆంధ్రులు, కుటుంబాలతో విహారానికి వెళ్లినవాళ్లు. జులై 28న ముగ్గురు ఉగ్రవాదులను మన భద్రతా బలగాలు మట్టుబెట్టాయి. వాళ్ల దగ్గర దొరికినవి రెండు ఏకే-47లు, ఒక అమెరికన్ రైఫిల్ అని హోంమంత్రి మర్నాడు లోక్‌సభలో చెప్పారు. ఆ తుపాకులను రాత్రికి రాత్రే చండీగఢ్ ల్యాబ్‌కు పంపి, కాల్చి చూసి, దాడి జరిగిన బైసరన్ లోయలో దొరికిన ఖోకాలతో పోల్చి నిర్ధారించారు. అది చాలా మంచి పని. ఒక ఆర్మరర్‌గా ఆ ల్యాబ్‌వాళ్లకు దండం పెడతాను. అయితే ఆ పోలికతో తెలిసేది ఆ తుపాకీ ఎవరిని చంపిందన్నదే. అది ఏ ఫ్యాక్టరీ నుంచి బయల్దేరి ఎవరెవరి చేతులు మారి అక్కడిదాకా వచ్చిందో చెప్పేది దాని ఇనుము మీది నంబరే. ఆ రెండో సంగతి కూడా సభలోనే దేశానికి చెప్పాలి.

2. జమ్మూకశ్మీర్‌లో అమెరికా ఎం4 కార్బైన్లు, అంటే పొట్టి రైఫిళ్లు, ఈమధ్య పదేపదే దొరుకుతున్నాయి. 2024 ఆగస్టులో డోడాలో మన కెప్టెన్ ఒకరు అమరుడైన ఎన్‌కౌంటర్‌లోనూ ఒకటి దొరికింది. తొందరపడి అన్నీ కాబూల్ నుంచే వచ్చాయని నేను అనను. పుల్వామాలో 2017 నవంబరులోనే ఒక ఎం4 దొరికింది, అంటే కాబూల్ పడిపోవడానికి నాలుగేళ్ల ముందు. అందుకే నంబరు చూడకుండా ఏదీ తేలదు. కొడుకును ఆ డ్యూటీకి పంపిన తల్లిదండ్రులకు, ఆ తుపాకీ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకునే హక్కు ఉంది.

3. నైట్ విజన్ సంగతి జనానికి పెద్దగా తెలియదు. చీకట్లో పోస్టు మీద కూర్చున్న సెంట్రీకి ఉన్న ధైర్యమంతా ఎదుటివాడికి కూడా చీకటే అన్నది. ఎదుటివాడి కంటికి ఆ పరికరం వస్తే మనవాడు పట్టపగలు మైదానంలో నిలబడినట్టే. తాలిబన్లు అధికారంలోకి వచ్చాక నాటో సైజు ఆయుధాలు, ముఖ్యంగా నైట్ విజన్, పాకిస్తాన్ తాలిబన్లకు చేరి సరిహద్దు పోస్టుల మీద దాడులు మరింత ప్రాణాంతకం అయ్యాయని ఐక్యరాజ్యసమితి పర్యవేక్షణ బృందమే రాసింది. ఆ పరికరాల్లో కొన్ని మన సరిహద్దు వైపు తిరిగినా చాలు. రాత్రి డ్యూటీకి వెళ్లిన పిల్లవాడి నుంచి పొద్దున ఫోన్ వచ్చేదాకా ఇంట్లో ఉండే టెన్షన్ మా ఊళ్లో చాలా ఇళ్లకు తెలుసు.

4. పాకిస్తాన్ జనం కూడా చస్తున్నారు. ఇది రాసినందుకు కొందరు నన్ను తిట్టవచ్చు. 2025 మార్చి 11న, రంజాన్ నెలలో, బలూచిస్తాన్‌లో జాఫర్ ఎక్స్‌ప్రెస్ రైలును పట్టుకుని ప్రయాణికులను చంపారు. అక్కడ దొరికిన ఒక ఎం4ఏ1 రైఫిల్ 2018లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో కోల్ట్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిందని వాషింగ్టన్ పోస్ట్ పత్రిక నంబరుతో సహా తేల్చింది. పాకిస్తాన్‌లో పట్టుబడిన ఆయుధాల్లో 63 అఫ్గాన్ సైన్యానికి అమెరికా ఇచ్చినవేనని అమెరికా సైన్యమే ధ్రువీకరించింది. అంటే ఒక పత్రిక అడిగితేనే నంబర్లు పలికాయి. ఇంత పెద్ద దేశం అడిగితే పలకవా?

5. తుపాకీ చౌక అయినచోట మొదట మూతపడేవి బడి, సంత, బస్సు. దీన్ని నేను కళ్లారా చూశాను, ఇంకా వివరించలేను.

మన దగ్గర నంబరుతో పని ఎలా జరుగుతుందో ఏజెన్సీ ప్రాంతాలవాళ్లకు తెలుసు. 2008 ఫిబ్రవరిలో ఒడిశాలోని నయాగఢ్‌లో మావోయిస్టులు పోలీసు ఆయుధశాల మీద పడి వెయ్యికి పైగా ఆయుధాలు ఎత్తుకుపోయారు. ఆ నంబర్లు రికార్డులో ఉన్నాయి కాబట్టి, ఆ తర్వాత ఎక్కడ తుపాకీ దొరికినా అది ఆ లూటీలోదా కాదా అని సరిచూసే వీలుంది. ఒక జిల్లా ఆయుధశాలకు మనం చేయగలిగింది ఐక్యరాజ్యసమితి ఒక దేశానికి చేయించలేదంటే నేను నమ్మను.

అందువల్ల మీ ముందు ఈ డిమాండ్లు పెడుతున్నాను.

1. 2021 ఆగస్టు 15 తర్వాత జమ్మూకశ్మీర్‌లో స్వాధీనం చేసుకున్న అమెరికా తయారీ ఆయుధాలు ఎన్ని, వాటిలో ఎన్నింటి నంబర్లను అమెరికాకు పంపి మూలం అడిగారు, ఏం జవాబు వచ్చింది అన్నది పార్లమెంటు ముందు పెట్టాలి. దర్యాప్తులో ఉన్న కేసుల రహస్యాలు అక్కర్లేదు. అంకెలు చాలు. చిన్న ఆయుధాల మూలం కనుక్కోవడంలో దేశాలు ఒకరికొకరు సహకరించాలని 2005లో ఐక్యరాజ్యసమితిలో అన్ని దేశాలూ ఒప్పుకున్నాయి. కాబట్టి అడగడం మన హక్కు, చెప్పడం వాళ్ల బాధ్యత.

2. అఫ్గాన్ సైన్యానికి, పోలీసులకు ఇచ్చిన ఆయుధాల నంబర్ల జాబితాను అమెరికా పూర్తిగా బయటపెట్టాలని, వాటిని ఇంటర్‌పోల్ దగ్గరున్న ఐఆర్మ్స్ అనే తుపాకుల రికార్డులో ఎక్కించాలని మన ప్రభుత్వం అధికారికంగా కోరాలి. జాబితాలో 43 శాతం తప్పులున్నా ఫర్వాలేదు, మిగతా 57 శాతమైనా పనికొస్తుంది. చిరిగిన రిజిస్టరైనా సరే, అసలు లేకపోవడం కంటే నయం.

3. లిబియా తీర్మానంలో ఉన్న వాక్యాన్ని తాలిబన్ ఆంక్షల్లో చేర్చేలా మన దేశం కృషి చేయాలి. పట్టుబడిన ఆయుధాలను అమ్మేవాడితో పాటు కొనే దేశం, మధ్య దళారీ, రవాణా చేసేవాడు కూడా ఆంక్షల కిందికి రావాలి. ఇప్పుడు మండలిలో మనం సభ్యులం కాకపోవచ్చు. సభ్యులు కాని దేశాలు కూడా మండలికి లేఖ రాయవచ్చు, ముసాయిదా పంచవచ్చు, మిత్రదేశాలతో పెట్టించవచ్చు. 2025, 2026లకు పాకిస్తాన్ మండలి సభ్యురాలు, 2025లో తాలిబన్ ఆంక్షల కమిటీ అధ్యక్ష స్థానం కూడా దానిదే. అదే ఆయుధాలతో తన సైనికులు చస్తున్నారని ఆ దేశం మండలిలో మొత్తుకుంటోంది. మిగతా విషయాల్లో మన లెక్కలు మనకున్నాయి. కానీ ఈ ఒక్క వాక్యానికి అడ్డుపడితే ఎందుకు అడ్డుపడిందో ప్రపంచమే అడుగుతుంది.

ఇది ఐక్యరాజ్యసమితి ద్వారానే జరగాలంటాను, ఒక దేశం సొంత చట్టంతో కాదు. రష్యా నుంచి ఎస్-400 అనే గగనతల రక్షణ క్షిపణి వ్యవస్థ కొన్నందుకు అమెరికా తన చట్టం కింద 2018లో చైనా మీద, 2020లో తుర్కియే మీద ఆంక్షలు పెట్టింది. మనమూ అవే కొన్నాం, మనకూ పెడతారేమోనని ఎన్నాళ్లు ఎదురుచూశామో గుర్తుంది కదా. కొనేవాణ్ణి శిక్షించే ఆంక్షకు పదును ఉంటుంది. ఆ పదును ఒక్కరి చేతిలో ఉండకూడదు.

4. 2025 అక్టోబరులో తాలిబన్ విదేశాంగ మంత్రి ఢిల్లీ వచ్చారు. ఆయన మీద ప్రయాణ నిషేధం ఉంది కాబట్టి ఆంక్షల కమిటీ మినహాయింపు ఇస్తేనే రాగలిగారు. ఆ పర్యటనలోనే కాబూల్‌లో మన ఎంబసీని పూర్తిస్థాయిలో తెరుస్తామని ప్రకటించాం. మాట్లాడుకోవడం మంచిదే, అక్కడి ఆసుపత్రులకు మందులు, గోధుమలు పంపడం మంచిదే. అలాంటి ప్రతి మినహాయింపుకూ బదులుగా ఒక్కటి అడగాలి: ఆయుధశాలల్లో ఏముందో ఐక్యరాజ్యసమితి మనుషులను లెక్కపెట్టనివ్వండి అని. 2025 జులైలో రష్యా తాలిబన్ ప్రభుత్వాన్ని గుర్తించింది. ఇంకా కొన్ని దేశాలు గుర్తిస్తే, రేపు ఆ తుపాకుల అమ్మకం రెండు ప్రభుత్వాల మధ్య మామూలు వ్యాపారం అయిపోతుంది. అప్పుడు అడిగి లాభం ఉండదు.

5. తిరిగి కొని ధ్వంసం చేసే నిధి ఒకటి పెట్టించాలి. 1980ల్లో సోవియట్ సైన్యంతో పోరాడిన అఫ్గాన్ ముజాహిదీన్లకు ఇచ్చిన స్టింగర్ మిసైళ్లను, అంటే భుజం మీంచి విమానాలను కొట్టేవాటిని, తిరిగి కొనడానికి అమెరికా 1990ల్లో కోట్ల డాలర్లు పెట్టింది. అన్నీ దొరకలేదు, కొన్నయినా దొరికాయి. ఇది తాలిబన్లకు డబ్బివ్వడమే అవుతుంది కదా అని అడగవచ్చు. ఆ ఇబ్బంది నిజమే. అందుకే డబ్బు రూపంలో కాకుండా మందులు, విత్తనాలు, కరెంటు స్తంభాల రూపంలో ఐక్యరాజ్యసమితి సంస్థల ద్వారా ఇవ్వాలి. తెచ్చిన తుపాకీని అక్కడికక్కడే అందరి ముందు కట్టర్‌తో కోసేయాలి. నైట్ విజన్ పరికరాలతో మొదలుపెట్టాలి.

6. 2013లో ఆయుధ వ్యాపార ఒప్పందం మీద ఐక్యరాజ్యసమితిలో ఓటింగ్ జరిగితే మన దేశం తటస్థంగా ఉండిపోయింది. ఉగ్రవాదులకు, ప్రభుత్వాలు కాని ముఠాలకు ఆయుధాలు చేరడం మీద ఆ ఒప్పందం బలహీనంగా ఉందని మనం కారణం చెప్పాం. ఆ కారణం అప్పుడూ సరైనదే, ఇప్పుడు ఇంకా సరైనది. అయితే పన్నెండేళ్లు దాటినా దాన్ని ఎలా బలపరచాలో మన వైపు నుంచి ఒక సవరణ రాసి అందరి ముందు పెట్టాలి కదా. అది కూడా అడగండి.

లోక్‌సభలో, రాజ్యసభలో కలిపి మీరు అరవై మంది. పార్టీలు వేరు కావచ్చు. వచ్చే సమావేశాల్లో మీలో ఒక్కరు ఈ ప్రశ్న వేసినా చాలు. మీ సిబ్బందికి శ్రమ లేకుండా నాకు తెలిసినంతలో రాసి ఇస్తున్నాను.

"(అ) 2021 ఆగస్టు 15 నుంచి నేటి వరకు జమ్మూకశ్మీర్‌లో స్వాధీనం చేసుకున్న అమెరికా తయారీ ఆయుధాలు, నైట్ విజన్ పరికరాల సంఖ్య ఎంత, సంవత్సరాల వారీగా, (ఆ) వాటిలో ఎన్నింటి సీరియల్ నంబర్లను మూలం కనుగొనేందుకు తయారీ దేశానికి పంపారు, (ఇ) ఎన్నింటికి జవాబు వచ్చింది, (ఈ) అఫ్గానిస్థాన్‌లో పట్టుబడిన ఆయుధాల కొనుగోలును నిషేధించాలని భద్రతా మండలిని ప్రభుత్వం కోరిందా, (ఉ) కోరకపోతే కారణాలేమిటి?"

దీన్ని నక్షత్ర గుర్తు ప్రశ్నగా ఇవ్వండి. అప్పుడు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, మీరు అనుబంధ ప్రశ్న వేయవచ్చు. ఏ రోజు వస్తుందో తెలిస్తే ఆ రోజు మా ఊరి మాజీ సైనికులందరం టీవీ ముందు కూర్చుంటాం.

ఇట్లు,
ఒక మాజీ ఆర్మరర్,
పశ్చిమ గోదావరి జిల్లా